యాసంగి ముందు ఆగిన సొమ్ము



ఈ రోజు పట్టా అందుకుంటున్నవారిలో కొందరు రేపు మండల కార్యాలయాల్లో, బ్యాంకుల్లో, సచివాలయాల్లో కూర్చుంటారు. లబ్ధిదారుల జాబితాలు వాళ్ల చేతికే వస్తాయి. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

2023 నవంబరు. తెలంగాణ రైతులు యాసంగి సాగుకు ఎకరానికి 5,000 రూపాయల రైతుబంధు కోసం ఎదురుచూస్తున్నారు. 30న పోలింగ్. ప్రచారానికి వాడుకోకూడదన్న షరతు మీద ఎన్నికల సంఘం చెల్లింపుకు అనుమతి ఇచ్చింది. ఇంతలో అప్పటి ఆర్థికమంత్రి హరీశ్‌రావు బహిరంగసభలో ఆ జమ సంగతి ప్రస్తావించారు. 27న అనుమతి రద్దయింది. మాట జారింది వేదిక మీద, డబ్బు ఆగింది పొలంలో. విత్తనాలకూ ఎరువులకూ ఆ సొమ్మునే నమ్ముకున్న రైతు ఏ షరతూ మీరలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మరో రకంగా జరిగింది. ఎన్నికల ముందు, 2024 మార్చి చివర, ఇంటింటికీ పింఛన్లు చేర్చే వాలంటీర్లు ఇక వాటిని పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఇంటికి వచ్చే డబ్బు కోసం ఏప్రిల్ ఎండల్లో వృద్ధులు గ్రామ సచివాలయాల దారి పట్టారు.

సంక్షేమమే తప్పని దీని అర్థం కాదు. 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ కిలో బియ్యం 2 రూపాయలకే ఇస్తామన్నారు. పోలింగ్‌కు ముందే కాంగ్రెస్ ప్రభుత్వం 1.90కి ఇవ్వడం మొదలుపెట్టింది. ఓట్ల పోటీయే, కాదనలేం. కానీ ఆ పోటీ పేదింట గిన్నెలోకి అన్నం తెచ్చింది. "ఉచితాలు" అని ఈసడించేవారు ఆ గిన్నెను ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

చిక్కంతా వాయిదాల తేదీలతో. 2019 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించిన పీఎం కిసాన్‌ను వెనకటి డిసెంబరు నుంచే లెక్కగట్టి, పోలింగ్‌కు ముందే తొలి వాయిదా సొమ్ము జమచేయడం మొదలుపెట్టారు. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా మహిళలకు పసుపు-కుంకుమ కింద 10,000 రూపాయలు మూడు చెక్కులుగా అందాయి. అయినా ఆ ఎన్నికల్లో అప్పటి అధికారపక్షం తెలుగుదేశానికి శాసనసభలో దక్కినవి 23 స్థానాలే. చెక్కు పుచ్చుకున్నంత మాత్రాన ఎవరూ ఓటు తాకట్టు పెట్టలేదు.

2005 ఉపాధి హామీ చట్టం ఇంకో దారి చూపింది. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాసిపెట్టింది. అలా రాస్తే కూలి మనిషి ఎవరి దయ కోసమూ చూడక్కర్లేదు. రైతు సాయానికీ, పింఛనుకూ గడువులు ఇలాగే చట్టంలోకి ఎక్కాలి. ఎన్నికలున్నా లేకున్నా ఆ తేదీకే డబ్బు జమచేసే బాధ్యత ఈ పట్టభద్రులలో కొందరి బల్ల మీదికి రాబోతోంది.