కొబ్బరిపీచు బలము

మట్టిగోడ బీటలు వాఱకుండుటకై మన పెద్దలు మట్టిలో గడ్డి కలిపి త్రొక్కించెడివారు. ప్లాస్టిక్కులో కొయ్యపీచు చేయు పనియు నట్టిదే. 1907లో బేక్‌లాండు కనిపెట్టిన బేకలైటు పెళుసుగా నుండుటచే దానిలో కొయ్యపిండి కలిపెడివారు.

కొయ్యకు బలమిచ్చునది సెల్యులోజు. 1838లో పాయెన్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు దానిని వేఱుచేసెను. మన కోనసీమ కొబ్బరిపీచులో నది కొయ్యలోకంటె తక్కువ, లిగ్నిను మెండు. కావున నీ పీచునకు బిగువు కొఱవడినను సాగుడు హెచ్చు, దెబ్బ కోర్చును.

అయితే పీచు నీటిని పీల్చును, ప్లాస్టిక్కు నీటిని దరిజేరనీయదు. ఈ రెండును పొందక యున్నచో పీచు జాఱి ఊడివచ్చును. కాస్టిక్ సోడా నీట కడిగినచో పైజిడ్డు పోయి, పీచు గరుకుదేఱి ప్లాస్టిక్కును పట్టుకొనును.

అమలాపురము, రాజోలు, కొత్తపేట తోటల రైతులారా! డొక్కను పొయ్యిపాలు చేయకుడు. పీచును శుద్ధిచేసి పలకగా నొత్తుట మన యువకులు నేర్చినచో, దాని విలువ మన యూరనే నిలుచును.