టేబుల్ మీద అడగకండి

పట్టాలందుకున్న కొత్త డాక్టర్లూ, నా గొడవ వినండి.

నడిస్తే ఛాతీ పట్టేస్తుంది, నిలబడితే తగ్గిపోతుంది. నేను కార్డియాలజీలో చేరిన కొత్తల్లో అలాంటి మనిషికి బ్లాక్ కనబడితే చాలు, స్టెంట్ వేయడమే ప్రాణదానం అనేవారు. 2007లో కరేజ్ ట్రయల్ వచ్చింది. మందులు గట్టిగా వాడుతున్నవాళ్లకు అదనంగా స్టెంట్ వేసినా మరణాలూ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. ‘‘వాళ్ల రోగులు వేరు, మన రోగులు వేరు’’ అని మా సీనియర్లు కొట్టిపారేశారు. 2020లో ఇస్కీమియా ట్రయల్ వచ్చింది. 37 దేశాలు, 5,179 మంది, అందులో మనవాళ్లూ ఉన్నారు. స్టెంటో బైపాసో ముందే చేసినా ఆయుష్షు పెరగలేదు. ఆ సాకు కూడా పోయింది!

అలాగని స్టెంట్ దండగ అనకండి. తరచూ నొప్పి వచ్చేవాళ్లకు దానితో దొరికే ఉపశమనం నిజం. ఎడమ ప్రధాన ధమనిలో బ్లాక్ ఉన్నవాళ్లను ఇస్కీమియా ట్రయల్‌లో చేర్చుకోనేలేదు. షుగరుండి రెండు మూడు నాళాలు పూడినవాళ్లకు స్టెంట్ కంటే బైపాసే మేలని 2012లో ఫ్రీడమ్ ట్రయల్ తేల్చింది. ఇక గుండెపోటుతో వచ్చినవాళ్ల దగ్గర ఈ చర్చలేమీ పెట్టకండి, పరుగెత్తండి.

నా బాధల్లా ఒక్కటే. యాంజియోగ్రామ్ మధ్యలో కొడుకును లోపలికి పిలిచి, తెర చూపించి, ‘‘తొంభై శాతం బ్లాక్, ఏం చేద్దాం?’’ అంటారే, అది. తండ్రి టేబుల్ మీద ఉంటే ఏ కొడుకు వద్దంటాడు? అడిగామంటే అడిగాం! స్టెంట్‌కు తొందర లేదన్నందుకు ఓ మిర్చి రైతు కొడుకు నన్ను నిలదీశాడు: ‘‘కుళాయి పైపు పూడితే తీయించమా సార్?’’ ఆ పైపు కథ అతనికి నేర్పింది మనవాళ్లే. గుండె నాళాల్లో జబ్బు ఒక్కచోట ఉండదు, గోడల పొడవునా పాకి ఉంటుంది. తెర మీద చిన్నగా కనబడిన పూడికే పగిలి, రక్తం గడ్డకట్టి పోటు రావచ్చు. అలాంటి ప్రతిచోటా స్టెంట్ వేయలేం. స్టాటిన్ మాత్ర అన్నిచోట్లా పనిచేస్తుంది. 1994లో స్కాండినేవియా ట్రయల్‌లో మరణాలను 30 శాతం తగ్గించింది ఆ జాతి మాత్రే. ఇదంతా తండ్రీకొడుకుల్ని కూర్చోబెట్టి చెప్పాను. తండ్రి మాత్రలకే మొగ్గాడు. నొప్పి తగ్గాక మళ్లీ కల్లానికి వెళ్లాడు.

గుండెపోటు రాని మనిషికి తొందరేముంది నాయనా? లేపి కూర్చోబెట్టండి, బట్టలు మార్చుకోనివ్వండి, అప్పుడు అడగండి. స్టెంట్ వేస్తే మాత్రం, ‘‘బ్లాక్ తీసేశారుగా’’ అని మాత్రలు మానేయకూడదని రోగికి ఒక్కడికే చెప్పి ఊరుకోకండి. ఇంట్లో మందుల డబ్బా సర్దేది ఎవరో కనుక్కుని, వాళ్లకూ చెప్పండి.