నడచు మంచు, పెరుగు మంచు



మా పాతబస్తీ చెంత మీరాలం చెఱువు కలదు. వరుసగా అర్ధచంద్రాకారపు గోడలతో నిలిచిన కట్ట దానిది. ఆ నీటిపై గుఱ్ఱపుడెక్క పెరుగును. గాలి కట్టవైపు వీచిన దినమున డెక్కమీద డెక్క యెక్కి అచ్చట దట్టమగును. ఆవలి యొడ్డున నీరు బయలుపడును. మీ యూరి చెఱువునందును మీరిది చూచియుందురు. ఉత్తరధ్రువ సముద్రపు మంచు సంగతియు నిట్టిదే.

చలి హెచ్చినకొలది మంచు మందమగునని మన మనుకొందుము. అది సగము మాట. పైపొర గడ్డకట్టగానే ఆ పొరయే క్రింది నీటికి కంబళియగును. కావున మందము పెరిగినకొలది పెరుగుదల తగ్గును. ఒక్క శీతకాలమున చలిచే కట్టునది సుమారు 6 అడుగులే. అట్లయిన కొన్నియెడల నీటిలో 60 అడుగులకు మించి దిగిన మంచు ఎట్లేర్పడెను? గాలియు ప్రవాహమును మంచుపలకలను నడపును. అవి ఢీకొని, విఱిగి, కుప్పపడి గట్టులగును. గ్రీన్‌లాండు, కెనడాల యుత్తరతీరములకు మంచు త్రోయబడుటచే నచ్చట మిక్కిలి దళసరి. సైబీరియా తీరమునుండి మంచు తొలగిపోవుచుండుటచే నచ్చట పలుచన. పలకలు విడిన చోట కంబళి లేని నీరు శీతకాలమున త్వరగా గడ్డకట్టును. పలుచన చేయు చలనమే క్రొత్త మంచును పుట్టించుచున్నది! ఈ మెలిక నాకును వెంటనే బోధపడలేదు.

1881లో జానెట్ అను అమెరికా నావ సైబీరియాకు ఉత్తరమున మంచు నొత్తిడికి నలిగి మునిగెను. దాని వస్తువులు 1884లో గ్రీన్‌లాండు తీరమున దొరకెను. మంచు సముద్రమును దాటి నడచినదని నార్వే దేశపు నాన్సెన్ గ్రహించి, ఒత్తిడి కలిగినప్పుడు నలుగక పైకి లేచునట్లు గుండ్రని ప్రక్కలతో ఫ్రామ్ అను నావను కట్టించెను. 1893లో దానిని బుద్ధిపూర్వకముగా మంచులో చిక్కించెను. 1896లో నావ క్షేమముగా వెలువడెను. నావ గాలికి సూటిగా గాక కుడివైపునకు ఒరగి నడచుటయు నాన్సెన్ గుర్తించెను. భూభ్రమణమే దానికి హేతువు.

2019లో పోలార్‌స్టెర్న్ అను జర్మను నావయు నట్లే మంచులో చేరి 2020 వఱకు నడచెను. మంచు అనుకొన్నదానికంటె వేగముగా సాగినది. ఇప్పటి మంచు వెనుకటికంటె పలుచన. పలుచనిది సులువుగా విఱుగును. విఱిగినది వేగముగా కదలును. గ్రీన్‌లాండునకును, 2008లో మనదేశము హిమాద్రి పరిశోధనాలయమును నెలకొల్పిన స్వాల్బార్డు దీవులకును నడుమనున్న జలమార్గము ఆ సముద్రమునకు తూమువంటిది. వేగముగా వచ్చిన మంచు, ఏండ్ల తరబడి ముదురకమున్నే, ఆ తూమున వెడలి దక్షిణపు వెచ్చని నీట కరగిపోవుచున్నది.