టర్కీ పిల్లలలో పుంజును, పెట్టను గుర్తించుట



మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో వానను నమ్మి సంసారము నడుపుట కష్టము. నల్లమల కొండలు కనుచూపు మేరలోనే యున్నను మెట్టపొలములు మబ్బుకొఱకు ఎదురుచూచుచుండును. పంట తప్పిన యేట కాపును ఆదుకొనునవి గొఱ్ఱె, మేక, కోడి. ఈ వరుసలో టర్కీ కోడిని గూడ చేర్చుకొన దలచినవారికి మొదట ఎదురగు ప్రశ్న నొకదానిని గూర్చి నేడు మనవి చేసెదను. కొన్న పిల్లలలో పుంజులెన్ని, పెట్టలెన్ని?

ఎదిగిన పక్షులయందు ఈ సందేహము లేదు. 1612లో గోవానుండి తెచ్చిన టర్కీ కోడిని జూచి జహంగీరు పాదుషా, అది మదించినపుడు తలయు మెడయు పగడమువలె ఎఱ్ఱనై, పిదప తెల్లనై, మరల నీలివన్నె తాల్చుచున్నవని ఆశ్చర్యముతో తన చరిత్రమున వ్రాసికొనెను. అట్టి పుంజును పసివాడును గుర్తింపగలడు. చిక్కంతయు పిల్లలతోనే. నెల పిల్లలన్నియు నొక్క పోలికగానే యుండును.

ఈ భేదము తెలియకున్న నష్టమేమి? అయిదు పెట్టలకు ఒక పుంజు చాలును. పుంజులు మించినయెడల అవి తమలో తాము పోరి గాయపడును. పెట్టల వీపులను గోళ్లతో చీల్చును. అంతకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. పుంజుపిల్ల త్వరగా బరువెక్కును. పెట్టపిల్ల చిన్నదిగా నుండును. చేత కాసు లేనపుడు ఇల్లాలు, ‘ఈ బక్కవి యెదుగునా?’ యని చిన్న పిల్లలనే యేరి సంతకు పంపును. అట్లు పోయినవానిలో హెచ్చుభాగము బక్కపిల్లలు కావు, పెట్టలు. ఏడవ నెలనుండి గ్రుడ్లు పెట్టవలసిన సంపద చౌకగా పోయి, దొడ్డిలో పుంజులే మిగులును. విత్తనమమ్ముకొని నాగలి దాచుకొన్నట్లగును.

కోలగ్రుడ్డు పుంజగునని, గుండ్రని గ్రుడ్డు పెట్టయగునని కొందఱందురు. దారమునకు సూది కట్టి పిల్లపై వ్రేలాడదీయువారును గలరు. వీనికి ఆధారము లేదు. మనుష్యులలో బిడ్డ ఆడో మగో తండ్రి బీజముచే నిర్ణయమగును. పక్షులలో నది తల్లివలన, పెంకు కట్టక మునుపే, నిర్ణయమగును. కావున పెంకు ఆకారమునకు దానితో సంబంధము లేదు.

పుట్టిననాడే గుర్తించు విద్య యొకటి నిజముగా కలదు. 1920-30 నడుమ జపాను దేశమున మసూయి, హషిమోటో అను శాస్త్రజ్ఞులు కోడిపిల్లల మలద్వారములోని చిన్న బుడిపెను జూచి భేదమెఱుగు పద్ధతిని లోకమునకు తెలిపిరి. టర్కీ పిల్లలను గూడ పెద్ద పొదుగుశాలలలో ఇట్లు పరీక్షించుట కలదు. కాని యది వేలకొలది పిల్లలపై అభ్యసింపవలసిన విద్య. చేయి తిరుగనివారు నొక్కినచో పిల్ల లోపల చితికి చచ్చును. ఇంట దీనిని ప్రయత్నింపవలదని నా మనవి.

ఇక మనకు మిగిలినది ఓపిక. రెండు నెలలు నిండువఱకు తీర్పు చెప్పకుడు. ఆ లేతవయసున పెట్టపిల్లయు తోక విప్పి, రెక్కలు వాల్చి నటించును. అంతమాత్రమున పుంజని మోసపోరాదు.

పిమ్మట ముక్కు మొదటనుండు కండను చూడుడు. అది రెండింటికిని కలదు. పుంజునకు లావై, సాగి, ముక్కుమీదుగా వ్రేలాడ నారంభించును. పెట్టకు పొట్టిగానే నిలుచును. పుంజు తల, మెడ బోడియై ఎఱ్ఱని బుడిపెలు పొడసూపును; పెట్టకు తలపైనను మెడవెనుకను సన్నని యీకలు మిగిలియుండును. పుంజు కాళ్లు మోటైనవి, పొడవైనవి; వాని వెనుక ముల్లు మొలచు బుడిపె కానవచ్చును.

మూడు నాలుగు నెలల ప్రాయమున, కంచువన్నె జాతిలో, ఱొమ్ముమీది యీకల కొనలను పరీక్షింపుడు. పెట్టకు తెల్లని యంచుండును. పుంజునకు అంచు నల్లనిది. తెల్లని జాతిలో నీ గుర్తు పనికిరాదు. అయిదాఱు నెలలకు పుంజు ఱొమ్మునుండి గుఱ్ఱపు వెండ్రుకలవంటి కుచ్చు వెలువడును. గొంతు నిండించి గళగళమని కూయునది పుంజే; పెట్ట కూత పొట్టిది, మెత్తనిది. ఐనను కొన్ని పెట్టలకును సన్నని కుచ్చు మొలచుట కలదు.

ఇందుచేత ఏ యొక్క గుర్తును ఒంటరిగా నమ్మరాదు. ఒకేనాడు పొదిగిన పిల్లలనే ప్రక్కప్రక్కన నిలిపి పోల్చి, మూడు గుర్తులు ఏకమైనపుడే నిశ్చయింపవలెను. జబ్బుపడిన పుంజు పెట్టవలె చిన్నదిగా నుండవచ్చును గదా!

మార్కాపురము పలకలకు పేరుపొందిన యూరు. అట్టి పలక నొకదానిని దొడ్డిగోడకు తగిలింపుడు. పిల్లల కాళ్లకు వేఱువేఱు రంగుల దారములు వదులుగా కట్టి, పదునైదు దినముల కొకమాఱు ఏ రంగు పిల్ల యెంత తూగినదియు, ఏ గుర్తు కానవచ్చినదియు దానిపై వ్రాయుడు. కాలు లావైనకొలది దారము మార్చుడు. నాలుగవ నెల నిండునప్పటికి మీ దొడ్డి లెక్క మీకు తేటపడును.

అంతవఱకు చిన్నదను కారణముచే ఏ పిల్లను సంతకు పంపకుడు. అవసరము తప్పనిచో బరువైన పుంజును అమ్ముడు. అది తగిన ధర తెచ్చును, మంద చెడదు. చిన్నపిల్లను ఇంటనే యుంచుడు. వచ్చు సంవత్సరపు మంద దానియందే యుండవచ్చును.