చెవిలో హోరు, చేతిలో మందుల సంచి

స్నాతకోత్సవాల్లో పెద్ద మాటలకు కొదవ ఉండదు. ఈ పూట కాశీబుగ్గలో ఒక చిన్న చప్పుడు గురించి మాట్లాడుకుందాం. సాధారణంగా అది రోగికి తప్ప ఇంకెవరికీ వినిపించదు. "సెవిలో గుయ్యిమంతంది బాబూ" అని చెప్పుకున్న ముసలాయనకు ఊళ్లో దొరికే జవాబులు రెండే. ఒకటి, వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు. రెండోది, "వయసు మీద పడింది, అలవాటు చేసుకో".

దీన్నే వైద్యులు టిన్నిటస్ అంటారు. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష లెక్కన పెద్దవాళ్లలో సుమారు 14 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఇది ఉంది. రేయింబవళ్లు చెవులు మోగుతున్నాయని బీథోవెన్ అంతటివాడు 1801లో స్నేహితుడికి ఉత్తరం రాసి వాపోయాడు.

లోపలి చెవిలోని రోమకణాలు దెబ్బతింటే కొన్ని శబ్దాలు మెదడుకు చేరవు. గుసగుసలకు మనిషి చెవి రిక్కించినట్టు, అందని శబ్దం కోసం మెదడు తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. ఆ పెంపుదలే హోరుగా వినిపిస్తుందన్నది ఇప్పటి ప్రధాన వివరణ. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని నిశ్శబ్దపు గదిలో కూర్చోబెడితే, 94 శాతం మంది ఏవో చప్పుళ్లు విన్నామన్నారు. కాబట్టి రోగి కల్పించుకుంటున్నాడని అనుమానించకండి.

ముందు చెవిలో గులిమి ఉందేమో చూడాలి, తర్వాత వినికిడి పరీక్ష. హోరు ఒక్క చెవిలోనే ఉంటే నరం మీద కణితి లేదని తేల్చడానికి ఎంఆర్‌ఐ అవసరం కావచ్చు. నాడితో పాటు కొట్టుకుంటుంటే రక్తనాళాలను పరీక్షించాలి. వినికిడి ఉన్నట్టుండి పడిపోతే మాత్రం అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్సకు ప్రతి రోజూ విలువైనదే.

పలాస జీడి పరిశ్రమల్లో యంత్రాల రొద మధ్య ఎన్నేళ్లు పనిచేశారన్న ప్రశ్న ఎలాగూ ఉంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో దానికంటే ముందు అడగాల్సింది మందుల సంచి. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో వినికిడి లోపం మామూలు కంటే ఎక్కువ. పైగా జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు పనిచేయనప్పుడు మందు ఒంట్లో నిలిచి లోపలి చెవిని దెబ్బతీస్తుంది. నీరు తీయడానికి ఇచ్చే ఫ్యూరోసమైడ్ ఎక్కువ మోతాదులో తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. కవిటి, సోంపేట, మందసల్లో జ్వరానికి సూది పొడిచే ప్రతి చేతికీ ఇది తెలియాలి.

హోరును మాయం చేసే మాత్ర ఇంతవరకూ లేదు. ఆరు నెలలు దాటినా వదలని హోరుకు జింకో బైలోబా, జింక్ ఇవ్వొద్దని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014లోనే సూచించింది. మన మందుల షాపుల్లో వాటి అమ్మకాలు ఆగలేదనుకోండి! వినికిడి తగ్గినవారికి హియరింగ్ ఎయిడ్ తరచూ మేలు చేస్తుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చప్పుడును తగ్గించదు, దాని వల్ల కలిగే బెంగను తగ్గిస్తుంది. నిజానికి ఇదీ అలవాటు పడటమే. అయితే రోగికి తోడుండి అలవాటు చేయించడం వేరు, మాట విసిరి పంపేయడం వేరు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. డయాలసిస్‌కు వచ్చిన మనిషి నాలుగేసి గంటలు మంచం మీదే ఉంటాడు. మందుల చీటీ చదివి, చెవుల సంగతి అడిగి, అనుమానమున్న మందు పేరు డాక్టరు చెవిన వేయడానికి అక్కడి నర్సుకు ఆ సమయం చాలు. సొంతంగా మందు ఆపేయొద్దని రోగికి చెప్పడమూ ఆ పనిలో భాగమే.