మన బడి ఎవరి కంప్యూటర్‌లో ఉంది?

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "కంప్యూటర్ల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడు, అందరికీ అర్థమయ్యేలా మాట్లాడు" అన్నారు. రెండో షరతే కష్టం. ముప్పై ఏళ్లుగా సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. నా పనేమిటో ఇంట్లో వాళ్లకే ఇంతవరకు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకని మన బడి సంగతితోనే మొదలుపెడతాను.

2020లో లాక్‌డౌన్ పెట్టి అందరం ఇళ్లలో ఇరుక్కుపోయినప్పుడు, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక రాత్రి పాత పెంకుల బడి మాట వచ్చింది. కొత్త భవనం కోసం దాన్ని పడగొట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. సరైన ఫోటో ఒక్కటీ ఎవరి దగ్గరా లేదు. "కంప్యూటర్లో మళ్లీ కడదామా?" అన్నాడు మాలో సివిల్ ఇంజినీరైన మిత్రుడు.

ఒక కంపెనీ ఉచితంగా ఇస్తున్న వర్చువల్ ప్రపంచంలో చోటు తీసుకున్నాం. వర్చువల్ ప్రపంచమంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. తెర మీద ఒక స్థలం ఉంటుంది, అందులో మన తరఫున తిరిగే బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని అవతార్ అంటారు, మాట మనదే. దాంతో నడవొచ్చు, ఎదురుపడిన వాళ్లతో మాట్లాడొచ్చు, గోడలు కట్టొచ్చు. నాలుగు నెలలు సాయంత్రాలన్నీ కూర్చుని కట్టాం. వరండా, రైలు పట్టా ముక్కతో చేసిన గంట, చేతిపంపు, వేపచెట్టు అన్నీ వచ్చాయి. వరండాకు స్తంభాలు ఆరా, ఏడా అని మూడు రోజులు పోట్లాడుకున్నాం.

ఒక ఆదివారం మా లెక్కల మాస్టారిని పిలిచాం. ఆయనకు అప్పటికి 82 ఏళ్లు. కూతురి ఇంట్లో మంచం మీదే ఉంటున్నారు. మనవరాలు లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది. మాస్టారి అవతార్ వరండాలో నెమ్మదిగా నడిచి పదో తరగతి గదిలోకి వెళ్లింది. ఆయన మౌస్ పట్టుకుని బోర్డు మీద వంకరటింకరగా ఒక వృత్తం గీసి, కింద ఒక లెక్క రాసి, "రేపటికి చేసుకురండి" అన్నారు. అందరం నవ్వాం. ఎవరమూ చేయలేదు.

మరుసటి ఏడాది మాస్టారు పోయారు. తర్వాత కొన్ని నెలలకు ఆ కంపెనీ తన సేవను మూసేసింది. 60 రోజుల ముందే ఈమెయిల్ పంపారు. ఖాతా ఎవరి పేరున తెరిచామో ఆ మిత్రుడు చూడటం మానేసిన పాత చిరునామాకు అది వెళ్లింది. మాకు తెలిసేసరికి బడి లేదు, బోర్డు లేదు, మాస్టారి చేతిరాతా లేదు. ముందే తెలిసినా పెద్దగా లాభం ఉండేది కాదు. కట్టినదాన్ని దించుకుని ఇంకో చోట పెట్టుకునే వీలు అందులో లేదు.

కంపెనీని తిట్టి లాభం లేదు. చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కింది మేమే. సర్వర్ల పని చేసే నేను అందులో మొదటివాణ్ని. వర్చువల్ ప్రపంచం మన తెర మీద కనిపిస్తుందే కానీ అక్కడ ఉండదు. ఏ గోడ ఎక్కడుందో, ఎవరి అవతార్ ఏ మెట్టు మీద నిలబడిందో లెక్క చూసుకుంటూ అందరికీ ఒకేలా చూపించే యంత్రం ఇంకెక్కడో ఉంటుంది. అదే సర్వర్. అది ఎవరి చేతిలో ఉంటే ఆ ప్రపంచం వాళ్ల చేతిలో ఉన్నట్టు.

ఇలా మూతపడినవి చాలానే ఉన్నాయి. గూగుల్ 2008 జులైలో లైవ్‌లీ అనే ప్రపంచాన్ని తెరిచి, ఆ ఏడాది డిసెంబరు 31న మూసేసింది. మైక్రోసాఫ్ట్ కొన్న ఆల్ట్‌స్పేస్ వీఆర్ 2023 మార్చిలో మూతపడింది. మొజిల్లా వాళ్ల హబ్స్ 2024 మే 31న ఆగింది. అయితే హబ్స్ సంగతి వేరు. దాని సర్వర్ ప్రోగ్రామ్ మొదటినుంచీ ఓపెన్ సోర్స్. అంటే దాన్ని ఎవరైనా తీసుకుని, చదివి, మార్చి, తమ యంత్రంలో నడుపుకోవచ్చు. మొజిల్లా తప్పుకున్నా, ఆ కోడ్‌ను ముందుకు తీసుకెళ్లడానికి హబ్స్ ఫౌండేషన్ ఏర్పడింది. కంపెనీ వెళ్లిపోయింది, పని మిగిలింది.

ఈ దారిలో పాత పేరు ఓపెన్‌సిమ్యులేటర్. అమెరికాలో లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో సెకండ్ లైఫ్ అనే ప్రపంచాన్ని తెరిచింది. అక్కడ జనం స్థలాలు కొన్నారు, దుకాణాలు పెట్టారు, విశ్వవిద్యాలయాలు తరగతులు నడిపాయి. 2007 జనవరిలో ఆ కంపెనీ తన వ్యూయర్, అంటే మన కంప్యూటర్లో ప్రపంచాన్ని చూపించే ప్రోగ్రామ్, కోడ్‌ను బయటపెట్టింది. సర్వర్ కోడ్‌ను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. అదే నెలలో డారెన్ గార్డ్ అనే ప్రోగ్రామర్, ఆ వ్యూయర్‌తో పనిచేసే సర్వర్‌ను విడిగా రాయడం మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చేయి వేశారు. ఓపెన్‌సిమ్యులేటర్ అలా పుట్టింది. ఈనాటికీ ఉచితమే.

అయితే ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకుంటే ఎవరి దీవి వాళ్లదే అయిపోతుంది కదా? దానికి 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌లో ప్రొఫెసర్ క్రిస్టా లోపెస్ హైపర్‌గ్రిడ్ అనే పద్ధతి తయారుచేశారు. నా ఖాతా నా సర్వర్‌లోనే ఉంటుంది. నా అవతార్ మాత్రం అక్కడినుంచి బయల్దేరి మీ సర్వర్‌లోని ఊరికి వచ్చి, మీతో మాట్లాడి తిరిగి వెళ్తుంది. ఈమెయిల్ లాంటిదే. మీ ఖాతా ఒక చోట, నాది ఇంకో చోట ఉన్నా ఉత్తరం చేరుతుంది. మధ్యలో పెద్ద యజమాని అక్కర్లేదు. వికేంద్రీకరణ అంటే ఇంతే.

2022లో మేం బడిని మళ్లీ కట్టాం, ఈసారి ఓపెన్‌సిమ్యులేటర్‌లో. నా పాత డెస్క్‌టాప్‌ను మా ఇంటి వెనక గదిలో పెట్టాను. ఒక రీజియన్ అంటే 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల నేల. బడి, ఆటస్థలం రెండూ హాయిగా పట్టాయి. అన్నిటికంటే నాకు నచ్చింది ఒకటుంది. నేల ఎత్తుపల్లాలు, గోడలు, రంగులు, స్క్రిప్టులు అన్నీ కలిపి ఓఏఆర్ అనే ఒకే ఫైలుగా దాచుకోవచ్చు. ఆ ఫైలు జేబులో పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. ఇంకో యంత్రంలో ఎక్కిస్తే బడి మొత్తం అక్కడ లేస్తుంది.

ఇక్కడ ఆపేస్తే సగమే చెప్పినవాణ్నవుతాను. సొంత సర్వర్ పెట్టిన పది నెలలకు నా డెస్క్‌టాప్ డిస్కు పాడైంది. ఓఏఆర్ ఫైలు తీసి అప్పటికి మూడు నెలలు దాటింది. ఆ మూడు నెలల్లో మిత్రులు చేసినదంతా పోయింది. ఈసారి తిట్టడానికి కంపెనీ కూడా లేదు, నేనే ఉన్నాను. ఓఎస్‌గ్రిడ్ అని స్వచ్ఛందంగా నడిచే పెద్ద ఓపెన్‌సిమ్యులేటర్ ప్రపంచం ఒకటుంది. అదీ 2014లో డిస్కులు దెబ్బతిని నెలల తరబడి మూతబడింది. ఊరుమ్మడి చెరువు అందరిదీ. కానీ పూడిక తీయడానికి ఎవరో ఒకరు దిగాలి. ఓపెన్ సోర్స్ మనకు హక్కు ఇస్తుంది కానీ, మన బదులు పని చేసిపెట్టదు.

ఇంకో చిక్కూ ఉంది. సెకండ్ లైఫ్‌లో 2006లో కాపీబాట్ అనే ప్రోగ్రామ్ వచ్చి, ఇతరులు చేసి అమ్ముకునే వస్తువులకు నకళ్లు తీసింది. దుకాణదారులు గొల్లుమన్నారు. ఎవరి సర్వర్ వాళ్లదైనప్పుడు, అక్కడికి వెళ్లిన వస్తువుకు రక్షణ ఆ సర్వర్ నడిపేవాడి నిజాయితీయే. దీనికి సులువైన మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మరి ముందు ముందు ఏమవుతుంది? ఫేస్‌బుక్ 2021లో పేరే మెటా అని మార్చుకున్నప్పుడు, అందరం ఒకే పెద్ద ప్రపంచంలోకి వెళ్లిపోతామన్నట్టు మాట్లాడారు. నాకు అలా కనిపించడం లేదు. పెద్ద కంపెనీల ప్రపంచాలు ఉంటాయి, అందంగానూ ఉంటాయి. వాటి పక్కనే బడులు, గ్రంథాలయాలు, స్నేహితుల గుంపులు నడుపుకునే చిన్న చిన్న ప్రపంచాలు దారులతో కలిసి ఉంటాయి. అందుకు కావలసినవి కొన్ని సిద్ధమయ్యాయి కూడా. త్రీడీ వస్తువును ఒకచోట నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడానికి జీఎల్‌టీఎఫ్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. 2022లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. కొరత యంత్రాలకు కాదు, చూసుకునే మనుషులకు.

అందుకే ఈ సభలో మూడు మనవులు చేస్తున్నాను. మొదటిది, సంఘం దాచే ఫోటోలు గానీ, ఈ వర్చువల్ బడి గానీ, ఏదైనా కనీసం మూడు చోట్ల ఉండాలి. ఒకటి బడి కంప్యూటర్ గదిలో, ఒకటి వేరే ఊళ్లో, ఒకటి విదేశాల్లో ఉన్న మన వాళ్లలో ఒకరి దగ్గర. రెండోది, ఖాతాలు ఒక్కరి పేరున కాక సంఘం పేరున ఉండాలి. మా ఈమెయిల్ కథ మళ్లీ జరగకూడదు. మూడోది, తొమ్మిదో తరగతి పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లు ముందుకు రండి. సర్వర్ పెట్టడం, ఓఏఆర్ ఫైలు తీయడం, పోతే తిరిగి ఎక్కించడం నేర్పుతాను. నెలకో శనివారం వస్తాను. నా తర్వాత దాన్ని చూసుకునేది మీరే.

చివరగా సీనియర్లకూ జూనియర్లకూ ఒక మాట. కొత్త వర్చువల్ బడిలో పదో తరగతి బోర్డు ఖాళీగా ఉంది. మాస్టారి లెక్క మాలో ఎవరికీ పూర్తిగా గుర్తులేదు. వృత్తం బయట ఒక బిందువు, అక్కడినుంచి రెండు స్పర్శరేఖలు ఉన్నాయని ఒకడంటాడు. స్పర్శరేఖ ఒకటేనని ఇంకొకడంటాడు. మాస్టారు తనకిష్టమైన లెక్కను ప్రతి బ్యాచ్‌కూ ఇచ్చేవారని విన్నాను. మీ అటక మీద పాత లెక్కల నోటుపుస్తకం ఏదైనా మిగిలి ఉంటే దయచేసి ఒకసారి తిరగేయండి. దొరికితే బోర్డు మీద రాసిపెడతాం. ఈసారి చేసుకుని కూడా వస్తాం.