తెగిన పోగును అతికే ఎంజైములు
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో మనమందరం డి.ఎన్.ఏ.ను మెలితిరిగిన నిచ్చెనలా గీసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ నిచ్చెన రోజూ దెబ్బతింటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాదు, కణంలోని మామూలు నీరు కూడా దాన్ని పాడుచేస్తుంది. అయినా జీవం నిలిచిందంటే మరమ్మతు చేసే ఎంజైములు ఉండబట్టే. మన సిద్దిపేటలో గొల్లభామ చీర నేసే మగ్గాన్ని చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పడుగులో పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, తెగినచోటు వెతికి, అతికాకే ముందుకు పోతాడు.

ఒక ఉదాహరణ చెప్తాను. డి.ఎన్.ఏ.లోని నాలుగు అక్షరాల్లో సైటోసిన్ ఒకటి. నీటి చర్య వల్ల అది అప్పుడప్పుడు యురాసిల్‌గా మారుతుంది. అలాగే వదిలేస్తే తర్వాతి నకలులో తప్పు అక్షరం చేరుతుంది. అదే ఉత్పరివర్తనం. యురాసిల్‌ను ఏరివేసే ఎంజైమును 1974లో థామస్ లిండాల్ ఇ.కోలై బాక్టీరియాలో కనుగొన్నారు. డి.ఎన్.ఏ. మరమ్మతు మీద చేసిన కృషికి 2015లో ఆయనకు, పాల్ మోడ్రిచ్, అజీజ్ సాన్‌జార్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఇ.కోలై ఎంజైము ఆకారాన్ని 1998లో వెల్లడించింది మన పక్క రాష్ట్రంలోనే, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం. విజయన్, ఉమేశ్ వర్ష్నేల బృందం.

దాని పనితనమంతా ఆకారంలోనే ఉంది. ఎంజైములో ఒక చిన్న గుంట ఉంటుంది. నిచ్చెనలోని యురాసిల్ బయటికి తిరిగి ఆ గుంటలో సరిగ్గా ఇముడుతుంది. థైమిన్ కూడా చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది కానీ దానికి ఒక మిథైల్ సమూహం ఎక్కువ. గుంటలోని టైరోసిన్ దాన్ని లోపలికి రానివ్వదు. యురాసిల్‌ను తెంపేశాక మరో ఎంజైము ఆ చోట పోగును కోస్తుంది, పాలిమరేజ్ సరైన అక్షరం పెడుతుంది, లైగేజ్ అతుకుతుంది.

దెబ్బ మరీ పెద్దదైతే సంగతి వేరు. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందు బాక్టీరియా డి.ఎన్.ఏ.లో రెండు పోగులనూ తెంచుతుంది. అప్పుడు రెక్‌-ఎ అనే ప్రొటీన్ తెగిన పోగు మీద వరుసగా పేరుకుంటుంది. మరమ్మతు జన్యువులను అణచి ఉంచే లెక్స్‌-ఎ ప్రొటీన్ తనను తానే కోసుకుంటుంది. దీన్ని ఎస్.ఓ.ఎస్. ప్రతిస్పందన అంటారు. అప్పుడు దిగే పాలిమరేజ్‌లలో కొన్ని తొందరపాటువి. సరైన అక్షరమా కాదా అని చూడకుండా పని నడిపిస్తాయి. చాలా బాక్టీరియాలు చస్తాయి. కానీ బతికినవాటిలో ఒక్క తప్పు అక్షరం చాలు, మందుకు లొంగని రకం పుట్టవచ్చు. క్షయ బాక్టీరియాలో అలాంటి పాలిమరేజ్ ఒకటి మందుల నిరోధకతకు తోడ్పడుతుందని 2003లో తేలింది.

అందుకే ఊరివాళ్లుగా మనం చేయవలసింది ఒకటుంది. జ్వరమొస్తే మెడికల్ షాపులో రెండు యాంటీబయాటిక్ గోళీలు అడిగి తెచ్చుకోవడం మానుకుందాం. డాక్టరు రాస్తేనే, రాసిన మోతాదులో, రాసినన్ని రోజులు వాడుదాం. క్షయకు మామూలుగా ఆరు నెలల మందు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. రెండో నెలలో దగ్గు తగ్గిందని ఆపేసేవాళ్లు మన వీధిలో ఉంటే, ఆపొద్దని చెప్పే బాధ్యత చదువుకున్న మనది.

పిల్లలూ, ఈ ఎంజైముల గురించి తెలియవలసింది ఇంకా ఎంతో ఉంది. మీలో ఎవరైనా ఆ పనికి పూనుకుంటే ఈ బడికి అంతకంటే కావలసింది లేదు.